పత్తి గదిలో నా వంతు మాట

మొన్న ఆదివారం నా ఫోను నిండిపోయిందని, పాతవి తీసేయమని ఒకటే పోరు పెట్టింది. భూపాలపల్లిలో ఈ అద్దె గదికి వచ్చాక నన్ను పోరు పెట్టేది అదొక్కటే కాబట్టి మాట విని కూర్చున్నాను. గుడ్ మార్నింగ్ పూలు, ఎవరెవరివో పెళ్లి ఫొటోలు తీసేస్తూ పోతే అడుగున ఒక పాట రికార్డు దొరికింది. నొక్కగానే మా తమ్ముడి గొంతు, పక్కనే నవ్వు ఆపుకోలేక నేను పడుతున్న అవస్థ వినిపించాయి. వాడికప్పుడు పంతొమ్మిదేళ్లు.

అప్పుడు మేం పాలకుర్తి దగ్గర మా ఊళ్లోనే ఉండేవాళ్లం. తమ్ముడు జనగామలో డిగ్రీ చదివేవాడు, అంటే రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. నేను గ్రూప్స్‌కు చదువుతున్నానని చెప్పుకుంటూ ఇంట్లో ఉండేదాన్ని. చుట్టాలు ఎవరొచ్చినా "ఇంకెన్ని దినాలు సదువుతది పిల్ల?" అని నా ముందే నాయినను అడిగేవారు, నేనక్కడ లేనట్టు. ఆ రోజుల్లోనే తమ్ముడికి ర్యాప్ పిచ్చి పట్టింది. పైదేశాల వాళ్లు పాడే ఒక పద్ధతి ఫోనులో విని నేర్చుకున్నాడు. తన గురించి ఒక గొప్ప చెప్పుకోవాలి, టక్కున ఆగాలి, తర్వాత దేనితో పోల్చుకున్నాడో అది ఒకే ఒక్క మాటగా పడాలి. 'లాగా', 'మాదిరి' అంటూ సాగదీయకూడదు. "పిలిస్తె రాను, వస్తె పోను" అని వాడు ఆగితే "ముసురు" అని నేను అనాలి. "నేను నోరు తెరిస్తె ఊరంత లేస్తది" అంటే "కోడి." ఆ చివరి మాట వేరే గొంతులోనే పడాలని వాడి పట్టుదల. "నవ్వకుంట చెప్పాలె అక్కా, పరీక్షల రిజల్ట్ చెప్పినట్టు" అనేవాడు. నా రిజల్టులు తెలిసే అనేవాడు, సచ్చినోడు.

రికార్డింగు మా పత్తి గదిలో. మంచి ధర వచ్చేదాకా పత్తి అమ్మేది లేదని నాయిన పంతం, అందుకని ఒక గది నిండా దూలాల దాకా పత్తే ఉండేది. అందులో దూరితే గొంతు గోడలకు తగిలి తిరిగి రాదని తమ్ముడే కనిపెట్టాడు. నడుము లోతు పత్తిలో దిగి, మధ్యలో ఫోను పెట్టుకుని, జుట్టు నిండా దూదితో కూర్చునేవాళ్లం. "తొక్కకుండ్రి, వన్నె తగ్గుతది!" అని నాయిన గడపలో నిలబడి అరిచేవాడు. ఆ రెండు చలికాలాల్లో నా నోటి నుంచి ఒక మాట రావాలని ఎవరైనా ఎదురుచూశారంటే, ఆగిన ఆ క్షణంలో మా తమ్ముడొక్కడే. నేనూ ఒక మనిషినే అనిపించేది అప్పుడే.

మొదట్లో ఆ పద్ధతంటే పిల్లలు పడిచచ్చారు. జనగామ కాలేజీలో ఛాయ్ అడగాలన్నా ఆగి, ఒక్క మాట పడేసి అడిగేవారట. తర్వాత పెళ్లి భోజనంలో మూడోసారి వడ్డించిన లడ్డూలా మొహం మొత్తింది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మహబూబాబాద్‌లో ఒక కాలేజీ వేడుకకు పిలిస్తే ఇద్దరం పోయాం. తమ్ముడు ఒక మైకు నా చేతికిచ్చాడు. రెండు వరుసలు పాడి కాస్త నిలిచాడు. నేను అలవాటుగా "ముసురు" అన్నాను. వాడు నిలిచింది నా కోసం కాదు, ఊపిరి తీసుకోవడానికి. పాటంతా మార్చేసుకున్నాడు, ఎక్కడా ఆగే పని లేకుండా. "గిదింకా నడుస్తున్నదా?" అని ముందు వరుసలో ఎవరో అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. పాట అయ్యేదాకా ఆ మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

తిరుగు రైల్లో కాజీపేట దాకా కిటికీలోంచి స్టేషన్ల పేర్లు చదువుకుంటూ కూర్చున్నాను. చివరికి వాడే అన్నాడు.

"గా పద్ధతి ఇప్పుడు నడుస్తలేదక్కా. చెప్పాలని వారం సంది అనుకుంటున్న, నోరు రాలే."

"మరి మైకెందుకిచ్చినవ్‌రా?"

"ఇయ్యకుంటె బాధపడ్తవని."

నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఇంటికి చేరేసరికి లారీ వచ్చి పత్తి పోయింది. ఖాళీ గదిలో తమ్ముణ్ని పిలిస్తే నా గొంతే నాకు తిరిగి వినిపించింది.

మొన్న దొరికిన రికార్డులో చివరి వరుస సగమే ఉంది. "ఇల్లంత నిండి ఉంట, పోయినంకనే నా జాగ తెలుస్తది" అని వాడు ఆగాడు. నేను "పత్తి" అనాలి. ఆ రోజు నవ్వు ఆగక అనలేకపోయాను, రేపు చేద్దామనుకున్నాం, ఆ రేపు రాలేదు. తమ్ముడిప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు, పాటలు ఎప్పుడో మానేశాడు. ఉండబట్టలేక ఫోను చేశాను. "బాగున్నవా అక్కా, తిన్నవా?" అన్నాడు, వెనకాల పిల్లల గోల. నేను బదులుగా వాడి ఆ చివరి వరుస వాడికే చెప్పి ఆగాను. ఈసారి ఆ మాట వాడు అందుకుంటాడేమోనని.

"హలో? అక్కా? హలో... అగో, కట్టయినట్టున్నది" అని ఎవరితోనో అంటూ పెట్టేశాడు.

"పత్తి" అన్నాను, ఈ గదిలో, ఒక్కదాన్నే. ఒకప్పుడు నేను అందుకోవాలని వాడు ఆగేవాడు, ఇప్పుడు నేను ఆగితే లైను పోయిందనుకున్నాడు. పన్నెండేళ్లు గడిచాయని ఎవరు లెక్క చెప్పినా ఇన్నాళ్లూ నమ్మలేదు గాని, ఆ రోజు నమ్మాను.