గాజుల గద్దె మీద ప్రమీలమ్మ

దేవరకద్ర అంగడిలో ప్రమీలమ్మ తెలియని అమ్మకందారు లేడు. ఆమె సంచి పట్టుకుని వస్తున్నదంటే ఉల్లిగడ్డల వాళ్లు మొహాలు పక్కకు తిప్పుకునేవారు. తన కోసం బేరమాడితే ఎవరికీ బాధ లేదు, అందరూ ఆడేదే. ప్రమీలమ్మ పక్కవాళ్ల కోసం కూడా ఆడేది. ముక్కూమొహం తెలియని మనిషి చీపురు కొంటూ, చెప్పిన ధర ఇచ్చేయడానికి జేబులో చెయ్యి పెడితే ఆమెకు ఊపిరాడేది కాదు. తన పని వదిలేసి వెళ్లి, ఆ చీపురు పుల్లలన్నీ విరబోసి చూసి, ధర సగానికి దించి, ఆ మనిషి చేతిలో పెట్టేది. అతను దండం పెట్టేలోపే చింతపండు దగ్గర ఇంకొకరి తరఫున మాట్లాడుతూ ఉండేది.

ఆమె భర్త రఘుపతి వరి, పల్లి వేసుకునే రైతు. నెమ్మదస్తుడు. దుకాణంవాడు ఎంతంటే అంత ఇచ్చి, పైగా పిల్లలు బాగున్నారా అని అడిగి వచ్చే రకం. అందుకే పెళ్లయిన కొత్తలోనే ప్రమీలమ్మ అతనికి సంచి మోసే పని అప్పగించి, కొనే పని తను తీసుకున్నది.

ఊళ్లో ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా ముహూర్తం పెట్టే అయ్యగారి తర్వాత కబురు వెళ్లేది ఆమెకే. పట్నంలో గిన్నెలకు బేగంబజార్, పట్టుచీరలకు మదీనా, రోజూ కట్టే బట్టలకు సుల్తాన్‌బజార్, గాజులకు లాడ్‌బజార్ అని ఆమెకు నోటికి వచ్చు. బోణీ వేళకు వెళ్తే బేరం తొందరగా తెగుతుందనీ, నచ్చిన చీర వైపు అసలు చూడకూడదనీ, ధర కుదరకపోతే వెనక్కి తిరగకుండా నడిచిపోవాలనీ, దుకాణంవాడే పిలుస్తాడనీ రైల్లోనే అందరికీ పాఠం చెప్పేది.

కరోనా పోయిన తర్వాతి ఎండాకాలంలో ఆమె అన్న కూతురు మనీషకు పెళ్లి కుదిరింది. ప్రమీలమ్మ, రఘుపతి, మనీష ముగ్గురూ పొద్దున్నే రైలెక్కి కాచిగూడలో దిగారు. బేగంబజార్‌లో గిన్నెలు కొనడం తొందరగానే అయిపోయింది. కొన్నాక మాత్రం ప్రమీలమ్మ కదల్లేదు. పక్కన ఒకామె ఇడ్లీ పాత్రకు అడిగినంత ఇవ్వబోతున్నది. ఆ పాత్ర సంగతి తేల్చేసరికి ఇంకొకరి ప్రెషర్ కుక్కర్ వచ్చింది. చివరకు సేటు చాయ్ తెప్పించి, దుకాణం వెనకాల స్టూలు వేయించి, అక్కడ కూర్చొని తాగమని బతిమాలాడు. ఆమె స్టూలు మీద నుంచే ఒక బిందె ధర తగ్గించింది.

మధ్యాహ్నానికి లాడ్‌బజార్ చేరారు. ఒక ముసలాయన దుకాణంలో మనీషకు రాళ్ల గాజుల జత నచ్చింది. ముసలాయన చెప్పిన ధరలో ప్రమీలమ్మ సగం అడిగింది. ఇవి మెషిన్ గాజులు కావనీ, వేడి లక్కలో ఒక్కొక్క రాయీ చేత్తో అద్దుతారనీ, అద్దేవాళ్ల వేళ్లు కాలుతాయనీ ఆయన ఓపికగా చెప్పాడు. ఆమె ఒక్క ముక్క నమ్మలేదు.

"నడువుండ్రి. ఎనుకకు సూడొద్దు," అన్నది మొగుడితో, మేనకోడలితో.

వాళ్లిద్దరూ చెప్పింది చెప్పినట్టే చేశారు. వెనక్కి చూడకుండా చార్మినార్ దాకా నడిచిపోయారు. ప్రమీలమ్మ కూడా నాలుగడుగులు వేసింది. ఇంతలో అదే దుకాణంలో ఎవరో తల్లీకూతుళ్లు ముసలాయన చెప్పిన ధరకే పర్సు తీయడం కంటబడింది. ఆమె కాళ్లు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. వాళ్ల బేరం తెంపి చూసుకుంటే వీధిలో తనవాళ్లు లేరు. ఫోను రఘుపతి చేతిలోని సంచిలో ఉన్నది.

తనను వెతుక్కుంటూ ఇక్కడికే వస్తారని ఆమె దుకాణం ముందు నిలబడింది. అంతలో నమాజు వేళయింది. ముసలాయన కొడుకు ఆ రోజు దుకాణానికి రాలేదు. ఆయన ఆమెను ఎగాదిగా చూసి తను కూర్చునే గద్దె చూపించాడు.

"జర ఈడ కూసో అమ్మా. నేను పోయొస్త," అన్నాడు.

పేరు కూడా తెలియని మనిషికి దుకాణం ఎట్లా అప్పజెప్తావని ఆమె అడిగింది.

"ఊరోళ్ల పైసల కోసమే గింత కొట్లాడినవ్. నా పైసల కోసం కొట్లాడవా?"

ఏ గాజులు ఎంతకు తగ్గితే తనకు నష్టమో చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ప్రమీలమ్మ మొదట గద్దె అంచున కూర్చున్నది. కాలేజీ పిల్లలు కొందరు వచ్చి ఒక జత తీసి, సగం ధరకు అడిగారు. ఆమెకు కోపం నసాళానికి అంటింది. కొంచెం లోపలికి జరిగి కాళ్లు మడిచి కూర్చున్నది.

"ఉడుకుడుకు లక్కల ఒక్కొక్క రాయి అద్దుతరు బిడ్డా. ఏళ్లు కాల్తయి. ఊకెనే అయితయా?"

అంతకుముందు ముసలాయన చెబితే నమ్మని ఆ మాట, తన నోటితో అనేసరికి నూటికి నూరుపాళ్లు నిజమనిపించింది. పిల్లలు ధర పూర్తిగా ఇచ్చి వెళ్లారు.

చార్మినార్ దగ్గర ఎంతసేపు నిలబడినా ప్రమీలమ్మ రాకపోయేసరికి రఘుపతీ మనీషా తిరిగి వచ్చారు. గద్దె మీద ఆమెను చూసి రఘుపతి చేతిలోని సంచి జారవిడిచాడు. మనీషకు నవ్వాగలేదు. ఆ రాళ్ల గాజులే కావాలన్నది. పని సులువైందనుకుని రఘుపతి, ఇందాక భార్య అడిగిన సగం ధరే చెప్పాడు.

"గా రేటుకు రాదు," అన్నది ప్రమీలమ్మ.

"ఇందాక నువ్వే అడిగితివి గదనే."

"ఇందాక కొననీకి వచ్చిన. ఇప్పుడు అమ్మనీకి కూసున్న."

రఘుపతి పుట్టి బుద్ధెరిగిన తర్వాత బేరమాడడం అదే మొదలు. మొదట మెల్లగా అడిగాడు. తర్వాత గొంతు పెంచాడు. ఇన్నేళ్లు సంచి మోసిన సంగతి తీశాడు. చుట్టూ జనం మూగి, కొందరు అతని పక్కా కొందరు ఆమె పక్కా చేరారు. చివరికి అతను మనీష చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా నడవడం మొదలుపెట్టాడు. ప్రమీలమ్మ పిలవలేదు. వీధి మలుపు దాకా వెళ్లి, తనే తిరిగొచ్చి నిలబడ్డాడు.

ఎప్పుడు వచ్చాడో, ముసలాయన జనం వెనకాల నిలబడి అంతా చూస్తున్నాడు. ముందుకు వచ్చి, మనీషకు మధ్యస్తంగా ఒక ధర చేసి ఇచ్చి, పెళ్లికూతురని ఒక జత ఊరికే తొడిగాడు. ఇంకోసారి పట్నం వస్తే దుకాణానికి తప్పకుండా రమ్మని ప్రమీలమ్మకు మరీ మరీ చెప్పాడు.

పెళ్లిలో అందరి కళ్లూ మనీష చేతుల మీదే. ఎక్కడ కొన్నారని అడిగిన ఆడవాళ్ల కోసం ప్రమీలమ్మ వచ్చే నెల మళ్లీ వెళ్లి గాజులు తెచ్చింది. అవి రెండు రోజుల్లో అయిపోయాయి. దసరా నాటికి దేవరకద్ర బస్టాండు దగ్గర ఒక మడిగె కిరాయికి తీసుకున్నది. తన దుకాణంలో ఆమె పైసా తగ్గించదు. అయినా జనం వస్తారు. ఆమెతో ఒకసారి బేరమాడి ఓడిపోయామని చెప్పుకోవడం ఊళ్లో ఒక సరదా అయింది.

సరుకుకు వెళ్లిన ప్రతిసారీ రఘుపతి తోడు వెళ్తాడు. ముసలాయనా అతనూ వానల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకుంటూ ఇరానీ చాయ్ తాగుతారు. మొన్న ముసలాయనకు కంటి ఆపరేషన్ అయి పచ్చద్దాలు పెట్టుకుని పక్కన కూర్చుంటే, సాయంత్రం దాకా గద్దె మీద ప్రమీలమ్మే కూర్చున్నది. రఘుపతి డబ్బాలు కట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రం రైలు తప్పిపోయింది. ముగ్గురిలో ఎవరూ దాని గురించి బాధపడలేదు.