లవంగ నూనె సీసాలు

మా బాపు నస్పూర్ దగ్గర బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. బాయి లోపల బీడీ వెలిగించకూడదు. అందుకని పనివాళ్లలో చాలామంది తంబాకు నమిలేవాళ్లు. బాపుకూ ఆ అలవాటు అక్కడే అయింది. రిటైరైనా పోలేదు.

పోయినేడు ఎండాకాలంలో ఆయనకు కింది దవడలో నొప్పి మొదలైంది. మా అమ్మ, మేము అవ్వ అంటాం, పోపులడబ్బాలోంచి రెండు లవంగాలు తీసిచ్చి పంటికింద పెట్టుకోమంది. తగ్గలేదు. నేను మంచిర్యాలలో ఒక మందుల దుకాణంలో పనిచేస్తాను. సాయంత్రం వస్తూ లవంగ నూనె చిన్న సీసా తెచ్చాను. అవ్వ దూదిని నూనెలో ముంచి దవడ లోపల పెట్టింది. కాసేపటికి బాపు ముఖం తేటపడింది.

"మంచిగున్నది బిడ్డా. మొద్దుబారింది," అన్నాడు.

మామూలుగా ఒక ఇంటికి ఆ సీసా ఏడాది వస్తుంది. మాకు పదిరోజులకే అయిపోయింది. రెండోది తెచ్చాను. మూడోదీ తెచ్చాను. ఆస్పత్రికి పోదామంటే బాపు వినేవాడు కాదు.

"పంటినొప్పికి దవఖానేంది? గా నూనె తే, సాలు."

నేనూ గట్టిగా అనలేదు. దుకాణంలో ఎందరికో అదే నూనె ఇస్తున్నాను కదా అనుకున్నాను. ఆయన జొన్నరొట్టె మానేసి మజ్జిగన్నం మింగడం చూశాను. కూరలో కారం తగ్గించమని అవ్వతో అనడం విన్నాను. నోరు సరిగా తెరుచుకోవడం లేదనీ తెలుసు. ఇవన్నీ ఒకచోట చేర్చి ఆలోచించలేదు.

వానలు పడ్డాక ఒకరోజు దూది తీస్తూ అవ్వ నన్ను పిలిచింది. దూదికి నెత్తురంటింది. ఫోన్ లైటు వేసి చూశాను. పన్ను బాగానే ఉంది. దాని పక్కన, బుగ్గ లోపల, అంచులు గట్టిపడిన తెల్లటి పుండు. ఇన్నాళ్లూ నూనె పెడుతున్నది దాని మీదే.

కరీంనగర్‌లో డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చాక నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, ఎన్నాళ్లైందని అడిగాడు. నాలుగు నెలలన్నాను.

"నొప్పి తెల్వకుండ జేసిండ్రు. జర ముందుగాల తీస్కరావల్సుండె," అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు.

హైదరాబాద్‌లో దవడ సగం తీసేశారు. ఆ తర్వాత బాపు మాట అవ్వకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ముక్కులోని గొట్టంలోంచి పాలు, జావ పోసేవాళ్లం. మెడమీద గడ్డలు లేచాయి. ఇక కోయడం కుదరదన్నారు. ఆ చలికాలం దాటలేదు ఆయన.

దినాలైపోయాక ఒక మధ్యాహ్నం అవ్వ దగ్గర ఆ మాట ఎత్తాను.

"నేను సీసాలు తేకపోతే బాపు జల్దీ దవఖానకు వస్తుండె గదా అవ్వా."

అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"నువ్వు తెచ్చినవ్, నేను పెట్టిన. ఆయిన నొప్పి లేదనె. ఇప్పుడెవ్వలనంటవ్?"

కొంచెంసేపటికి చాట నావైపు జరిపి, కళ్లు ఆనడం లేదు, మిగతావి ఏరమంది. ఏరాను. ఆ సంగతి మళ్లీ మా మధ్య రాలేదు.