కొసరు చింత

నా జన్మలో చేసిన బేరాలన్నిట్లోకీ గొప్పది చెప్తాను, వినండి. ఒక చెట్టును కొసరుగా కొట్టుకొచ్చాను. పైసా పెట్టలేదు. నర్సరీ అతను గింజుకున్నాడు, నేను నవ్వాను, మొక్క నా ఆటో ఎక్కింది. మా నాయన ఉండుంటే భుజం తట్టేవాడు. కోయిలకుంట్లలో మా కిరాణా అంగట్లో గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకుని ఆయన నాకు నేర్పిన మొదటి విద్య అదే. ధర దగ్గర ఓడినా పర్వాలేదు, కొసరు దగ్గర ఓడకూడదని.

గొప్పలు చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. మా ఆవిడనడిగితే ఇంకా బాగా చెబుతుంది. కానీ ఈ బేరం సంగతి ఇన్నేళ్ళూ ఆమెకు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? తూకం వేస్తూ తక్కెడ మీద కనపడకుండా బొటనవేలు ఆనించినవాడు, ఆ వేలు తీయలేక, తక్కెడ కింద పెట్టలేక, ఏళ్ళ తరబడి అట్లాగే నిలబడిపోతే ఎట్లా ఉంటుంది? అట్లా ఉంది నాకు. చెయ్యి లాగుతోంది. అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

కర్నూలు ఊరి బయట ఒక బొటానికల్ గార్డెన్ ఉంది. తోట అందాం, చాలు. నాకు ఊళ్ళో స్టీలు సామాన్ల అంగడి. ఆదివారాలు ఆ తోటలో గడపడం అలవాటైంది. నాలాంటివాళ్ళం కొందరం కలిసి నెలకోసారి ఏదో ఒకటి చేస్తుంటాం. బడిపిల్లలకు ఆకులు చూపించడం, విత్తనాలు పంచుకోవడం, కార్తీకంలో వనభోజనాలు. గేటు పక్కన ఒక నల్లబోర్డు ఉంది. దాని మీద ‘ఈ నెల మొక్క’ అని నాలుగు మాటలు రాసేది నేనే. నాకు మొక్కల శాస్త్రం రాదు, సరుకును పొగడటం వచ్చు. మోదుగ పూసినప్పుడు, సీతాఫలం కాసినప్పుడు, నా రాత చదివి జనం లోపలికి వచ్చేవాళ్ళు. ఈ నెల చింత వంతు.

ఆ బోర్డు కిందే ఈరమ్మవ్వ గంప. ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతుంది. సొంతూరు కోసిగి దగ్గర. చేను వాన మీద ఆధారం. వాన మొహం చాటేస్తే కొడుకూ కోడలూ సుగ్గికి, అంటే పనులు దొరికే ఊళ్ళకు, మూట కట్టుకుని పోతారు. ఆమె కర్నూల్లో కూతురి దగ్గర ఉంటుంది. చదువు రాదు. నేను బోర్డు రాసి సుద్ద దులుపుకోగానే, “ఈ నెల ఏం రాసినావప్పా?” అని అడిగేది. చదివి వినిపించేవాణ్ణి. ఆ తర్వాత శెనక్కాయలు కొనేవాణ్ణి, పొట్లం మీద ఇంకో గుప్పెడు పోయించుకునేదాకా కదిలేవాణ్ణి కాదు.

“నీకు ముందు కొసరు పొయ్యల్ల శెట్టీ, కాయలు ఆమీట” అని తిట్టి మరీ పోసేది.

ఆమె ఒకరోజు బస్సులో నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. డబ్బాలో జానెడు చింతమొక్క. వాళ్ళ చేని గట్టు మీద అత్తగారు నాటిన చింతచెట్టు ఒకటి ఉండేదట. ఎర్రచింత. పచ్చికాయ విరిస్తే లోపల నెత్తురు రంగు. తొక్కు నూరే రోజుల్లో చుట్టుపక్కల వాళ్ళంతా ఆ గట్టుకే వచ్చేవాళ్ళట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. ఆమె దాచుకున్న గింజల్లో మొలిచింది ఇదొక్కటే.

“మావోళ్ళు సుగ్గికి పోతే ఆడ దీనికి నీళ్ళు పోసేటోళ్ళు ల్యారు. ఈడైతే మీరంతా ఉండారు గదా” అంది. “కాసినంక నాకు రొండు కాయలియ్యండి, ఇత్తనాలకు. మళ్ళా గట్టు మీద ఏస్తా.”

మీరంతా ఉండారు గదా. ఆ మాటలో నేనూ ఉన్నాను. ఆ నెల బోర్డు మీద ఎర్రచింత గురించి ఎంత బాగా రాశానంటే, మోకాలెత్తు కూడా లేని ఆ మొక్కను చూడటానికి జనం పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు.

రెండేళ్ళకు మొక్క నడుము దాకా వచ్చింది. ఆ కార్తీకంలో వనభోజనాలకు వంటమనిషితో బేరం నాదే. పొయ్యిలు తోట కంచె బయట పెట్టాలని మా కట్టుబాటు. కుళాయి దగ్గర, లోపల పెట్టుకోనిస్తే ధర తగ్గిస్తానన్నాడు. తగ్గించాడు. ఒప్పుకున్నాను. ఎంత తగ్గించాడో ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు, అందుకే చెప్పను. అన్నం వార్చేటప్పుడు అతను పెద్ద గిన్నె పట్టుకుని, “గంజి యాడ పొయ్యల్లన్నా?” అని అరిచాడు. నేను ఫోనులో షామియానా అతనితో ఇంకో బేరంలో ఉన్నాను. తల తిప్పకుండా చెయ్యి చూపించాను. “ఆడ పాదులో పొయ్యప్పా, చెట్టుకు బలం.”

చల్లారిన గంజి బలమే. సలసల కాగుతున్న గంజి?

నేను చూపించిన వైపు ఏ పాదు ఉందో నాకు తెలీదా? ఈ ప్రశ్న వేసుకుని వేసుకుని అరిగిపోయాను. తెలుసు. తెలిసినదాన్ని ఆ నిమిషంలో తలుచుకోలేదు, ఎందుకంటే అవతల షామియానా అతను దిగొస్తున్నాడు. వారం తిరక్కుండా ఆకు రాలింది. గోటితో బెరడు గీకి చూశాను. పచ్చదనం లేదు.

ఈరమ్మవ్వ అప్పుడు తన సొంతూళ్ళో ఉంది, కొడుకు వాళ్ళను సుగ్గికి సాగనంపడానికి పోయింది. ఆమె వచ్చాక చెప్పి ఉండవచ్చు. చేతులు పట్టుకుని, అవ్వా, నా వల్ల పోయిందని అనవచ్చు. తిట్టేది. ఏడ్చేది. అంతే గదా! కానీ నేను నర్సరీకి పోయాను. తోట గట్ల కోసం ఎట్లాగూ నందివర్ధనాలు కొనాలి. అవి బేరమాడి, లెక్క తేల్చి, ఆఖరున మూలనున్న చింతమొక్క చూపించి, అది కొసరు అన్నాను. అదే ఎత్తు, అదే లావు.

“అది మామూలు మొక్క కాదన్నా” అన్నాడతను.

అమ్మేవాడు ఎవడైనా అదే అంటాడు. నేను రోజూ గిన్నెల గురించి అదే అంటాను. కాబట్టి ఎందుకు మామూలుది కాదో అడగలేదు. ఎత్తుకొచ్చాను. తోటమాలికి ఎండిన మొక్క తీసి ఇంకోటి నాటడం రోజూ ఉండే పని, గుంత తీసిచ్చి పోయాడు. మొక్క మొదట్లో ఒక ముడిలాంటిది కనపడింది. పాత మొక్కకు అది లేదు. ఈరమ్మవ్వ గుర్తుపడుతుందేమోనని దాని మీదికి మన్ను ఎగదోసి తొక్కాను. నా లెక్క ఒకటే. గింజ మొలిచిన చింత కాపుకు రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. అప్పటికి ఎవరుంటారో, ఎవరు ఏ కాయ విరుస్తారో.

ఆమె వచ్చింది. ఆకులు నిమిరింది. “బలిసింది” అని మురిసిపోయింది. ఆ రోజు నుంచి సాయంత్రం గంప సర్దేశాక, తన తాగే నీళ్ళ సీసాలో మిగిలింది తెచ్చి దాని మొదట్లో పోసేది. ఎండాకాలంలో అయితే, మిగల్చడానికే తక్కువ తాగేదేమోనని నాకు అనుమానం. నేను తప్పిన ఆదివారాలున్నాయి గానీ ఆమె తప్పిన సాయంత్రాలు నాకు తెలిసి లేవు.

మొక్క మార్చిన నాలుగో ఏడు చింత పూసింది. అందరూ ఆశ్చర్యపోయారు. చూడటానికి వచ్చిన రైతు ఒకాయన, అంటుమొక్కలైతేనే ఇంత తొందరగా పూస్తాయని, ఈరమ్మ చెయ్యి మంచిదని పొగిడాడు. అప్పుడర్థమైంది నాకు, మన్ను కింద నేను తొక్కిన ముడి ఏమిటో. మామూలు మొక్క కాదన్నా. పాపం అతను నిజమే చెప్పాడు. బేరంలో నిజం చెప్పేవాడు ఉంటాడని నాకు తట్టలేదు.

ఆ కార్తీకంలో వనభోజనాల రోజే తొలికాయ విరవాలని అందరూ అనుకున్నారు. ఈరమ్మవ్వ చేతుల మీదుగా. తొక్కు నూరడానికి రోలు తెప్పించారు. బోర్డు నన్నే రాయమన్నారు. రాశాను. ఆమె అడిగితే చదివి కూడా వినిపించాను. ఆ చదువుతున్న నోటితోనే చెప్పేసి ఉండవచ్చు. వాయిదా వేద్దామా, కాయలు ఇంకా ముదరలేదందామా అని ఆలోచించాను. దొంగ కాయలేవైనా ఎర్రబడతాయేమో అని కూడా ఆశపడ్డాను. నవ్వకండి. చిక్కుల్లో ఉన్న అంగడివాడికి ఆశ ఎక్కువ.

ఆమె ఉతికిన కోక కట్టుకుని వచ్చింది. కాయ కోసి, అందరికీ కనపడేలా పైకెత్తి, రెండు చేతుల్తో విరిచింది.

తెల్లగా ఉంది. లేత పచ్చ కలిసిన తెలుపు. మీ ఇంటి పక్క చింతకాయ లాగే.

ఇంకోటి విరిచింది. ఇంకోటి. ఎవరో దగ్గారు. ఆమె నా వైపు తిరిగింది. అంతమందిలో నా వైపే ఎందుకు?

“ఏమప్పా ఇట్లుండాది?”

నేను రోలు వైపు చూశాను. ఆమే మళ్ళీ అంది.

“ఇత్తనాలు ఏరినప్పుడు వేరే చెట్టుదేమన్నా కలిసిందేమో. నేనే కలిపింటా. కండ్లు సరిగ్గా కానరావు గదా.”

“అట్లే అయింటాదిలే అవ్వా” అన్నాను.

అదీ సంగతి. గంజి పోయించడం తప్పే, మొక్క మార్చడం తప్పే. వాటికి వంటమనిషి ఉన్నాడు, భయం ఉంది, ఏదో ఒక సాకు ఉంది. ఈ మాటకు ఏ సాకూ లేదు. నా తప్పును ఆమె తనంతట తానే ఎత్తి తన గంపలో వేసుకుంటుంటే, నేను పక్కనుండి చెయ్యి సాయం చేశాను. నా దగ్గర సరుకు కొన్నవాళ్ళలో బేరమాడకుండా కొన్నది ఆమె ఒక్కతే.

ఆ రోజు తొక్కు నూరారు. బాగుందని తిన్నారు. నేనూ తిన్నాను. తర్వాత బోర్డు మీదా చెట్టు మొదట్లో పేరు రాసిన పలక మీదా ‘ఎర్ర’ అన్న మాట చెరిగిపోయింది, చింత మిగిలింది. ఆమె రెండు కాయలు అడగలేదు. గట్టు మీద ఏమీ నాటలేదు. సాయంత్రం సీసాతో లోపలికి రావడం మానేసింది. అవన్నీ ఎట్లాగో భరించాను. భరించలేనిది ఒకటుంది. శెనక్కాయలు కొనేవాళ్ళకు పొట్లం ఇస్తూ, పుచ్చిన కాయ కలవకుండా చేత్తోనే ఏరగలిగే ఆ మనిషి, అప్పట్నుంచీ ప్రతివాళ్ళకూ ఒకే మాట చెబుతోంది. “సూసుకోండప్పా. నా కండ్లను నమ్మొద్దండి.”

కొసరు అడగడం మానేశాను. ఆమె అదీ పట్టేసింది. “ఏం శెట్టీ, కొసరడగవు, ఒంట్లో బాగలేదా?” అంది. గుప్పెడు తనే పోసింది. తిన్నాను. ఏం చేయను?

నేను బేరగాణ్ణి కదా, నా మీద పడ్డ లెక్కలో కూడా తగ్గింపు వెతికాను. గింజ నుంచి వచ్చిన చెట్టు తల్లి గుణమే చూపిస్తుందని లేదట. ఎర్రచింత గింజ మొలిచి తెల్లకాయ కాయవచ్చునట. అంటే ఈరమ్మవ్వ మొక్క బతికి, ఎప్పటికో కాసినా ఇదే జరిగేదేమో! ఈ మాట విన్న రోజు కడుపునిండా అన్నం తిన్నాను. మర్నాడు దిగిపోయింది. ఏమో అనుకునే హక్కు ఆమెది. కాయ విరిచి, తెల్లబోయి, నిజంగా తన చెట్టే తనను మోసం చేసిందని తెలుసుకునే హక్కు కూడా ఆమెదే. ఆ అనుమానాన్ని నా ఖాతాలో జమ కట్టుకోవడానికి నేనెవర్ని?

మీకు చెప్పడం కూడా చవక బేరమే, నాకు తెలుసు. బాకీ ఒకరిదైతే ఇంకొకరి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాను. రేపు ఆమెకూ చెబుతానని రాయబోయి ఆగాను. మా అంగట్లో అరువు పెట్టిపోయేవాళ్ళంతా అనేది రేపనే.

అందుకే ఈ పొద్దున బోర్డు రాసేశాను. ఈ మాటలు దాని పక్కన గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. మీకు చెప్పని నా పేరు అక్కడ కింద రాశాను. చేతికి సుద్ద ఉంది. చెయ్యి మాత్రం ఇన్నేళ్ళకు తేలికగా ఉంది. ఆమె క్షమిస్తుందా అంటే, దానికీ దీనికీ సంబంధం లేదనే అనుకుంటున్నాను. గంప నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతోంది. వస్తూనే అడుగుతుంది, ఈ నెల ఏం రాసినావప్పా అని. చదవాలి.

‘ఈ నెల మొక్క: చింత. ఇది ఎర్రచింత కాదు. ఈరమ్మ తెచ్చిన ఎర్రచింత మొక్క నేను పోయించిన వేడి గంజికి చచ్చిపోయింది. దాని చోట ఇది నేను దొంగచాటుగా నాటాను. విత్తనం ఏరడంలో ఈరమ్మ పొరబడలేదు. ఆమె కళ్ళు బాగున్నాయి. నేను ఆమెకు బాకీ ఉన్నవి: ఒక చెట్టు, దాని కాయ ఎరుపో తెలుపో ఆమె చేత్తో విరిచి చూసుకోవాల్సిన రోజు, ఇంకొకరి మొక్కకు ఆమె పోసిన నీళ్ళు, అట్లే అయింటాదిలే అని నేనన్న మాట. తగ్గింపు లేదు. కొసరు ఆమె ఇష్టం.’