నొగలు ఎటు చూడాలి

మొన్న మా తమ్ముని కొడుకు ఇల్లంత పొడుగున్న ఒక బండిని బాడుగకు తెచ్చి, ఆళ్లగడ్డలో మా వాకిట్లో నిలిపి, అత్తా ఎక్కు, యాగంటి పక్కన రెండు రోజులు ఉండి వద్దాం అన్నప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన అనుమానం ఆ బండికి ముందేది వెనకేది అని. లోపల మంచాలున్నాయి, పొయ్యి ఉంది, చేతులు కడుక్కునే తొట్టి కూడా ఉంది. ఇంట్లో ఉన్నవన్నీ అందులోనూ ఉంటే ఇక ఇల్లు వదిలి పోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ, పిల్లవాడు ముచ్చటపడి తెచ్చాడు కదా అని ఎక్కి కూర్చున్నాను.

బనగానపల్లె దాటాక ఒక మామిడితోట పక్కన నేల చదును చేసి, ఇటువంటి బండ్లు నిలుపుకోవడానికి తెల్లగీతలు గీసి పెట్టారు. వాకిలి దగ్గరే నియమాల పలక ఒకటి ఉంది. మావాడు కాగితాలు చూపించి వచ్చేలోగా నేను కళ్లద్దాలు సర్దుకుని దాన్ని చదివాను. పక్కవారి చోటు గుండా నడవకూడదు అన్నది చూడగానే, ఇది మా నాయనను కన్న జేజినాయన మాట కదా, ఇక్కడికెట్లా వచ్చింది అని సంబరపడ్డాను. నేలమీద మంట పెట్టకూడదు అన్నది చదివి, మరి వంట ఎక్కడ, అనుకున్నాను. అన్ని బండ్ల తలుపులూ ఒకే పక్కకు ఉండాలి అన్న దగ్గర మాత్రం నా బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. అట్లాగైతే ఎవరి తలుపు తీసినా ఎదురుగా కనిపించేది పక్కబండి వీపే కదా. ఎవరి మీద ఎవరికి కోపమని ఈ ఏర్పాటు?

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, జొన్నకోతలయ్యాక నంద్యాలలో పెద్ద గుడి, అంటే చర్చి, మైదానంలో ప్రార్థన కూటాలు జరిగేవి. కోవెలకుంట్ల వైపు నుంచి, ఉయ్యాలవాడ నుంచి, మా ఆళ్లగడ్డ నుంచి క్రైస్తవ కుటుంబాలన్నీ ఎద్దులబండ్లు కట్టుకుని, చొప్ప, కట్టెలు, జొన్నపిండి, రోటితో సహా వేసుకుని బయలుదేరేవి. కూటాలు జరిగినన్ని రోజులూ బండే ఇల్లు, దాని కిందే పడక. పాటలు, ప్రసంగాలు పెద్దలకు. మాకైతే అన్ని ఊళ్ల పిల్లలూ ఒక్కచోట దొరకడమే పండగ.

మా జేజినాయన సంఘపెద్ద, మైదానంలో బండ్లు దించే పెత్తనం ఆయనది. ఆ నియమాలు ఎక్కడా రాసి ఉండేవి కావు, అయినా అందరికీ తెలుసు. ఎద్దులను గాలివాటుకు అవతల కట్టాలి, ఇంకొకరి పొయ్యికీ బండికీ మధ్య నుంచి నడవకూడదు, ఒకసారి ఎద్దులను విప్పాక ఆఖరినాటి ఆశీర్వాదం అయ్యేదాకా బండిని కదిలించకూడదు, ఎందుకంటే కింద పసిపిల్లలు నిద్రపోతుంటారు. వీటన్నిటికంటే ముఖ్యమైంది నొగల సంగతి. కాడికి కట్టే ఆ రెండు పొడుగాటి కొయ్యలు ఎటు చూస్తే అటు బండి ముఖమన్నమాట. మనుషులు ఎక్కి దిగేది వెనకనుంచి కాబట్టి, అయినవాళ్లు బండి వెనకలు ఎదురెదురుగా ఉంచి, నడుమ ఒకే పొయ్యి పెట్టుకునేవారు. నొగలు ఇంకొకరి పొయ్యి వైపు పెట్టారంటే మాత్రం వాళ్లతో మాటల్లేవని ఊరందరికీ చెప్పినట్టే.

మా పొయ్యికి అవతల ఒక బండి పట్టేంత చోటు ఏటేటా ఖాళీగా ఉండేది. మిగతావాళ్లు ఇరుకున సర్దుకుంటుంటే మాకెందుకు అంత జాగా అని నాకు తికమకగా ఉండేది. ఎవరైనా ఉండబట్టలేక అడిగేవారు.

"ఎవురికప్పా ఆ జాగా, యేటేటా ఊరికే పెడతాండావ్?"

"వస్తార్లే," అనేవాడు జేజినాయన.

అది మా మేనత్త కోసమని మా అమ్మ నాకు చాటుగా చెప్పింది. జేజినాయన చూసిన సంబంధం కాదని, ఉయ్యాలవాడలో బడిపంతులుగా ఉన్న ఒకాయన్ను ఆమె ఇష్టపడి చేసుకుందట. అప్పటినుంచీ తండ్రీ కూతుళ్లకు మాటల్లేవు, రాకపోకలూ లేవు. కన్నబిడ్డతో పగ పెట్టుకుని ప్రభువు బల్లకు ఎట్లా పోతాను అని, ఆఖరిరోజు అందరూ ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం వేళకు జేజినాయన వెనకవరసలో తల దించుకుని కూర్చుండిపోయేవాడు. అందరి బండ్లూ సరిగ్గా దించే మనిషి అట్లా వెనక కూర్చోవడం చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఆ చోటు నిండితే తప్ప ఆయన ముందుకు పోలేడని మాత్రం ఆ వయసులోనే నాకు అర్థమైంది.

ఒక ఏడు అత్త వచ్చింది. గూడుబండి మైదానంలోకి రావడం, ఖాళీ చోటును గుర్తుపట్టినట్టు నేరుగా అక్కడికే రావడం చూసి మా జేజి, అదే మా నాయనమ్మ, చేతిలోని పిండి అట్లాగే వదిలేసి లేచి నిలబడింది. బండి తోలుతున్నది ఆ పంతులు మామయ్యే. ఆయన దాన్ని సైకిలు నిలిపినట్టు ఎట్లా వచ్చిందో అట్లాగే ముందుకు తోసి ఆపి, ఎద్దులను విప్పేశాడు. చూస్తే నొగలు రెండూ తిన్నగా మా పొయ్యి మీదికే ఉన్నాయి.

మా జేజి మళ్లీ కూర్చుంది. పక్క బండ్లవాళ్లు చూపులు తిప్పుకున్నారు. మా చోటుకే వచ్చి, మాటల్లేవన్నట్టు దించడమేమిటి? పంతులుగారికి తెలియక చేశాడా? ఆయనకు తెలియకపోతే, ఈ మైదానంలోనే ఆడుకుని పెరిగిన అత్తకు తెలియదా? తెలిసి ఎందుకు ఊరుకుంది? ఆమె గూడులోంచి దిగి, బండికి అవతలి పక్కనే వేరే పొయ్యి పెట్టుకుంది. జేజినాయన ఆ రోజంతా ఆ నొగలకేసి చూస్తూ కూర్చున్నాడు, రొట్టె ముట్టలేదు.

ఆఖరిరోజు పొద్దున, సంస్కారపు గంట కొట్టకముందే లేచి, తలగుడ్డ బిగించి, తిన్నగా పోయి ఆ నొగలను పట్టుకున్నాడు. పళ్లు తోముకుంటున్న మామయ్య బిత్తరపోయి చూస్తున్నాడు. అన్నేళ్లలో అల్లునితో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

"ఏందప్పా అట్ల సూస్తాండావ్? ఎనక్కి పోయి చక్రం పట్టు."

పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన ఆగలేక, "దించిన బండిని కదిలిస్తాండావే, నియమం నువ్వే తప్పితే ఎట్లప్పా?" అన్నాడు.

"తప్పుగా దించినారు, సరిగ్గా దించుతాండా," అన్నాడు జేజినాయన.

మామా అల్లుళ్లిద్దరూ రొప్పుతూ బండిని ఇటు నుంచి అటు తిప్పారు. బండి వెనక మా వైపు తిరిగేసరికి అక్కడ అత్త నిలబడి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మా జేజి పొయ్యిరాళ్లు మూడూ తెచ్చి రెండు బండ్ల నడుమ పెట్టింది. ఆ పూట జేజినాయన ప్రభువు బల్ల దగ్గరికి అందరికంటే ముందు పోయాడు. నేను పెద్దయ్యాక, నిజంగా చూసుకోలేదా అత్తా, కావాలనే ఊరుకున్నావా, అని అడిగితే ఆమె నవ్వి నా చేతిలో ఇంకో రొట్టె పెట్టింది. ఆ సంగతి నాకు ఇప్పటికీ తెలియదు.

ఇవన్నీ చెప్పినా మావాడికి తలకెక్కలేదు. మన బండి కొంచెం తిప్పరా అంటే, తలుపు ఈ పక్కే ఉండాలత్తా, గీతలున్నాయి కదా అన్నాడు. పక్కబండిలో ఎవరో చిన్న కుటుంబం, వాళ్లకు రెండు రొట్టెలిద్దామని లేచాను గానీ, వాళ్ల చోటు గుండా నడవకూడదు, మన తలుపు అటు లేదు, ఎటు పోవాలో తోచక రొట్టెలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

మాకు ఇటు పక్క చోటు ఖాళీగా ఉంది. అక్కడికి ఇంకెవర్నీ రానివ్వకు నాయనా అని కావలి అతన్ని అడిగాను. అతడు మంచివాడే, విసుక్కోలేదు.

"ఎవురొస్తారవ్వా? పేరు సెప్పు, రాసుకుంటా."

పేరు చెబుదామంటే ఒక్క పేరూ నోటికి రాలేదు. జేజినాయన లేడు, అత్తా పోయింది, ఆ మైదానంలోకి బండ్లు రావడం ఎప్పుడో మానేశాయి. ఎవరి మనసులో ఏముందో దూరం నుంచే తెలిసే ఆ రోజుల్లో తిప్పి సరిచేసుకోవడానికి కనీసం రెండు నొగలుండేవి. ఇప్పుడు అందరూ పద్ధతిగా, ఒకే పక్కకు తిరిగి ఉన్నారు, ఎవరు ఎవరితో అలిగారో ఎట్లా కనిపెట్టాలి? అతడు ఇంకా నా ముఖంలోకే చూస్తున్నాడు.

"వస్తార్లే," అన్నాను.