మీడియం మనిషి

ఆ బట్టల ఫ్యాక్టరీలో ఆమె పని నిలబడటం.

కుట్టడం రాక కాదు, కత్తిరించడం తెలియక కాదు. ఆమెను తీసుకున్నదే నిలబడటానికి. కొత్త రకం చొక్కా ఏది తయారుచేయాలన్నా ముందు ఒకటి కుట్టి ఆమెకు తొడుగుతారు. చంకలో పట్టేస్తోందా, వీపున ముడత పడుతోందా, చెయ్యెత్తితే అంచు ఎంత పైకి పోతోంది, అన్నీ ఆమె ఒంటి మీదే చూసుకుంటారు. ఆమెకు సరిగ్గా అమరిందే మీడియం సైజు. దాన్ని కాస్త తగ్గించి చిన్న సైజూ, కాస్త పెంచి పెద్ద సైజూ కోస్తారు; చిన్నదాన్ని ఇంకొకామెకు తొడిగి సరిచూసుకుంటారు. ఎన్ని ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు ఆ చొక్కాలు తొడుక్కుని అద్దాల ముందు నిలబడతారో ఆమెకు తెలియదు. వాళ్ళందరి మీదా తన భుజాల నీడ ఒకటి పల్చగా వాలి ఉంటుందని మాత్రం అప్పుడప్పుడూ అనుకునేది.

ఫ్యాక్టరీలో అందరికీ ఆమె మీడియమే. మొదట్లో ఎగతాళిగా పిలిచారు, తర్వాత అలవాటైపోయింది. "మీడియం వచ్చిందా?" "మీడియం టీ తాగుతోంది." "ఇవాళ మీడియానికి మనసు బాగాలేదు, పిన్నులు జాగ్రత్త."

ఆమె నిలబడే గదికి ఒకటే కిటికీ. అందులోంచి వచ్చే వెలుతురు పొద్దున్న ఒక గోడ మీద, సాయంత్రం ఇంకో గోడ మీద ఉంటుంది. మధ్యలో అద్దం. అద్దం ముందు జానెడెత్తు చెక్క బల్ల, దాని మీద ఆమె. ఆమె చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతూ, పెదాల మధ్య పిన్నులు బిగించి, కోత మాస్టారు. ఆయన మాటలన్నీ పిన్నుల సందులోంచి వచ్చినవే కాబట్టి, సగం మాటలు ఆమె ఊహించుకునేది.

"గుడ్డకీ ఒంటికీ తేడా వచ్చిందంటే తప్పు గుడ్డదే అమ్మాయ్," అనేవాడు ఆయన. ఆ గదిలో అదే చట్టం. వదులుగా ఉంటే పిన్ను పెట్టి లోపలికి తీసుకుంటాడు. పట్టేస్తే కుట్టు విప్పుతాడు. ఆమెను మాత్రం ఎన్నడూ తప్పుపట్టలేదు. చేరిన కొత్తలో నెలనెలా టేపు పట్టి ఒళ్ళంతా కొలిచేవాడు. రానురాను రెండే కొలతలు మిగిలాయి: ఈ భుజం చివర నుంచి ఆ భుజం చివరకి, మెడ వెనక ఎముక నుంచి నడుము వంపుకి. "ఈ రెండూ కుదిరితే మిగతావి నా వేళ్ళే చెప్తాయి," అనేవాడు. ఏళ్ళ తరబడి ఆ రెండు కొలతలూ వెంట్రుకవాసి మారలేదు.

ఆ ఏడు ఎండలు తగ్గుముఖం పట్టాక ఆమెకు అలసట మొదలైంది.

అలసట ఆమెకు కొత్త కాదు. సాయంత్రానికి కాళ్ళు పీక్కుపోవడం, పాదాలు చెప్పుల్లో పట్టకపోవడం ఆ పనిలో మామూలే. ఇది వేరు. ఇది పొద్దున లేచేసరికే పక్కలో కాచుకుని ఉండేది. బస్సు మెట్టెక్కాలంటే తొడలో బలం కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. బల్ల మీద ఊరికే నిలబడి ఉన్నా, పక్క గదిలో కుట్టుమిషను ఆడుతున్నట్టు గుండె దడదడలాడేది. వేళ్ళు సన్నగా వణికేవి. "కదలకమ్మాయ్," అనేవాడు మాస్టారు. "కదలట్లేదు మాస్టారూ," అనేది. ఇద్దరూ నిజమే చెప్పేవాళ్ళు.

ఆకలి మాత్రం బ్రహ్మాండంగా వేసేది. రెండో మారు అన్నం వడ్డించుకుంటూ, ఇంత తింటున్న మనిషికి జబ్బేమిటి, వయసు మీదపడుతోంది, అంతే, అని సర్దిచెప్పుకునేది.

ఇంట్లో ఆమే, చెల్లెలూ. రెండు గదులు, ఒక వరండా, ఆ వరండాలో బట్టలారేసే తీగ. అద్దె ఇద్దరి జీతాల మీద నడిచేది. చెల్లెలు మందుల షాపులో పనిచేస్తుంది. ఆ షాపు గుమ్మంలో బరువు చూసే మిషను ఉంది. వచ్చేపోయేవాళ్ళు మందులు కొన్నా కొనకపోయినా దాని మీద ఒకసారి ఎక్కి, ఒక నిట్టూర్పు విడిచి దిగుతారు. ఒకరోజు అక్కను కూడా ఎక్కించింది చెల్లెలు.

"అక్కా, అయిదు కిలోలు తగ్గావే."

"నీ మిషను తగ్గి ఉంటుంది."

"మా మిషన్ని ఏమీ అనకు. రోజూ నేనెక్కుతున్నానుగా, నాకు సరిగ్గానే చూపిస్తోంది."

"బరువు తగ్గితే బట్టలు వదులవ్వాలా వద్దా? ఇదిగో, చూడు." చొక్కా పక్కల్ని పట్టుకుని లాగి చూపించింది. గుడ్డ ఒంటికి అతికినట్టు ఉంది. చెల్లెలు కూడా చూసి ఒప్పుకుంది. చొక్కా సాక్ష్యం చెప్పాక మిషను మాట ఎవరు వింటారు.

చెల్లెలి బాధ దీనికి తలకిందులు. ఫ్యాక్టరీలో ఎక్కడో ఒక కుట్టు వంకర పోయిన చొక్కాలు పనివాళ్ళకే ఇచ్చేస్తారు. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే సైజు కావడంతో ఇంట్లో బట్టలన్నీ ఉమ్మడి. ఈ మధ్య వచ్చిన చొక్కాలు చెల్లెలికి పట్టడం మానేశాయి. గుండీలు పెట్టుకుంటే నోళ్ళు తెరిచేవి.

"లావెక్కిపోయానక్కా."

"బరువు పెరిగావా మరి?"

"లేదు, అదే నాకూ అర్థం కావట్లేదు. మిషను ఒకటి చెప్తోంది, చొక్కా ఒకటి చెప్తోంది. నేను చొక్కానే నమ్ముతాను, రోజంతా నాతో ఉండేది అదే కదా."

అప్పటి నుంచి చెల్లెలు సాయంత్రం భోజనం మానేసింది. అక్క రెండో మారు వడ్డించుకుంటుంటే ఎదురుగా మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుని కూర్చునేది. "నువ్వు తిను, నువ్వు పెట్టి పుట్టావు," అనేది. నవ్వుతూనే అనేది కానీ, నవ్వు పూర్తయ్యేలోపే ఓపిక అయిపోయేది. ఒక సాయంత్రం షాపులో పై అర అందుకోబోయి కళ్ళు తిరిగి పడబోయిందట. కౌంటరు పట్టుకుని నిలదొక్కుకుందట. అదీ జోకులాగే చెప్పింది.

ఒక సెలవు రోజున ఆమె వరండాలో ఆరిన బట్టలు తీస్తోంది. గాలికి రెండు చొక్కాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకటి నిరుటిది, పెట్టె అడుగున పడి ఉంటే వాసనేస్తోందని ఉతికింది; ఒకటి మొన్న వచ్చింది. రెండిటి మెడలోనూ మీడియం అనే ఉంది. మడత పెడదామని రెండూ కలిపి పరిచింది. భుజాలు భుజాల మీద పడ్డాయి, అచ్చుగుద్దినట్టు. కిందికి వచ్చేసరికి పాతది కొత్తదాన్ని దాటి అటూ ఇటూ బయటికి వచ్చింది. పొంగు తగ్గిన ఏటి పక్కన మిగిలిన ఒడ్డులాగా.

 ఆమె పాతది తొడుక్కుంది. భుజాల మీద బాగానే నిలిచింది. అక్కడి నుంచి కింద దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

"ఎవరిదే ఆ గుడారం?" అంటూ వచ్చిన చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది. అక్క మెడ కింద ఎముకలు, వాటి పక్కన గుంటలు, ఆ గుంటల్లో నీడ. ఒకే ఇంట్లో ఉంటూ మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఇది నిరుడు నాకు సరిపోయిన చొక్కానే," అంది అక్క.

"అంటే నేను లావెక్కలేదు."

"లేదు."

"నువ్వు చిక్కిపోతున్నావు. నువ్వు చిక్కిన కొద్దీ ఆయన గుడ్డ తగ్గిస్తున్నాడు."

"ఆయనకి నేను ఎప్పుడూ సరిగ్గానే ఉంటాను మరి."

"ఎంత పనిచేశావే అక్కా. ఇన్నాళ్ళూ నన్ను పస్తులు పడుకోబెట్టావు," అని నవ్వబోయి, నవ్వలేక, వచ్చి ఆ వదులు గుడ్డని గుప్పిట్లో పట్టుకుంది. "రేపు సాయంత్రం డాక్టరు దగ్గరికి పోదాం. మాస్టారికీ చెప్పు."

"చెప్తే పని పోతుంది. మీడియం కాని మీడియాన్ని ఎవరు నిలబెడతారు?"

"చెప్పకపోతే?"

చెప్పకపోతే ఏమీ కాదు. ఆమె నిలబడుతూనే ఉంటుంది, మాస్టారు పిన్నులు పెడుతూనే ఉంటాడు. ముఖం తెలియని ఆడవాళ్ళు ఎక్కడెక్కడో గుండీలు పట్టక, తప్పు తమ ఒంటిదే అనుకుని మంచినీళ్ళ గ్లాసు ముందు కూర్చుంటారు. అద్దె మాత్రం వేళకి వెళ్తుంది. ఆమెకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. వాటికి కూడా కాస్త ఓపిక కావాలి.

మర్నాడు ఆ పాత చొక్కాతోనే బల్ల ఎక్కింది.

మాస్టారు అలవాటుగా వీపు దగ్గర పట్టి చూశాడు. గుప్పెడు గుడ్డ చేతిలోకి వచ్చింది. "ఇదేం కోత? ఎవరు కోశారిది?"

"మీరే మాస్టారూ. పోయినేడు."

ఆయన నోట్లోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసి పిన్నుల దిండుకి గుచ్చాడు. మెడలో వేలాడే టేపు తీసి ఛాతీ కొలిచాడు. నడుము, మోచేతి పైన, తొడ. ఒక్కో కొలతా చూసి, నమ్మక, మళ్ళీ చూశాడు. భుజాలు మాత్రం ఎప్పటిలానే ఉన్నాయి. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. పిన్నులు లేని ఆయన గొంతు ఎవరిదోలా ఉంది.

"నీ మొహం వంక చూసి ఎన్నాళ్ళయిందో. కాలరు దాకా చూస్తాను, అక్కడితో ఆగిపోతాను."

"మీ పని కాలరు దాకానే కదా."

"అలా అనకమ్మాయ్," అన్నాడాయన. టేపు మెడలో వేసుకుని, మేనేజరు మేడమ్‌ని పిలవడానికి వెళ్ళాడు.

మేడమ్ రెండు చొక్కాలూ పక్కపక్కన పెట్టి చూసింది. కొన్నాళ్ళుగా షాపుల నుంచి మీడియం బిగుతవుతోందని మాట వస్తోందట. "జనం లావెక్కుతున్నారు కాబోలని పెద్ద సైజులు ఎక్కువ కుట్టిస్తున్నాం. భలే ఉంది మన సంగతి," అంది. తిట్టలేదు. ఆలోచించి ఇంకో మాట చెప్పింది. "స్మాల్‌కి నిలబడే ఆమె ఎప్పుడో మానేసి వెళ్ళిపోయింది. భుజాలు వదిలేస్తే, నీ కొలతలిప్పుడు దానికి అతికినట్టున్నాయి. జీతం తేడా లేదు. ఇలాగే ఉండు, చాలు. ఈ వారంలో ఏ సంగతీ చెప్పు."

ఇలాగే ఉండు. ఆ మాట సాయంత్రం దాకా ఆమె వెంటే నడిచింది, డాక్టరు గది బయట బెంచీ మీద పక్కనే కూర్చుంది.

డాక్టరమ్మ చేతులు చాపమని వణుకు చూసింది, గొంతు తడిమింది, రక్తం పరీక్షకు రాసింది. రిపోర్టు వచ్చాక చెప్పింది: థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోంది, తిన్నదంతా మంటలో వేసినట్టు కరిగించేస్తోంది.

"బట్టలు అలాగే పట్టేవండి. అందుకే తగ్గానని నమ్మలేదు."

"మీ బట్టల గొడవ మీ చెల్లెలు చెప్పింది. అది లేకపోయినా మొదట్లో అంత తెలిసేది కాదు. ఈ జబ్బులో కండ కూడా పోతుంది, తొడల్లో, జబ్బల్లో. కండ బరువెక్కువ, చోటు తక్కువ తీసుకుంటుంది. చొక్కా వేలాడేది భుజం ఎముక మీద. ఎముక చిక్కదుగా. మాత్రలు వాడండి, కొన్ని నెలల్లో మీ పాత బరువుకి వస్తారు."

ఆమె తల వంచుకుని అడిగింది. "రాకుండా ఉండే మందులు లేవా అండీ? జబ్బు తగ్గాలి, బరువు ఇలాగే ఉండాలి."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "గుండె అలా పరిగెడుతుంటే ఎన్నాళ్ళు నిలబడతారు?"

బయటికి వచ్చాక చెల్లెలు ఊరుకోలేదు. "ఉద్యోగం కోసం జబ్బుని కుక్కపిల్లలా పెంచుకుంటావా? రోజూ పాలు పోస్తావా దానికి?"

"అద్దె ఎవరు పోస్తారే?"

"ఒక గది ఇల్లు చూసుకుందాం. నువ్వు గుడారంలో ఉంటున్నావుగా, అలవాటే."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకే ఆయాసమొచ్చి గోడ పట్టుకుని నిలబడింది. చెల్లెలు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది, మొదటి మాత్ర అరచేతిలో పెట్టింది. చాలా చిన్న మాత్ర. నాలిక మీద ఉందో లేదో తెలియలేదు.

వారం చివర మేడమ్ గదిలో, రాజీనామా ఇస్తున్నదానిలా చెప్పింది. "నేను కోలుకోబోతున్నాను మేడమ్. స్మాల్‌గా ఎక్కువ కాలం ఉండను."

"మీడియం అయ్యాక రా మరి."

"అప్పటిదాకా?"

అప్పటిదాకా దారాలు కత్తిరించే బల్ల దగ్గర వేశారు. తయారైన చొక్కాలకు మిగిలిపోయిన పోగులు కత్తెరతో తీసేసే పని. జీతం తక్కువ. కూర్చుని చేసే పని కావడంతో మొదటి రోజు నడుముకి ఏం చేయాలో తోచలేదు. అలసట ఇంకా ఉంది. రాత్రికి రాత్రే పోయేది కాదు, వచ్చినట్టే మెల్లగా పోతుంది. చేతి వణుకు వల్ల ఒకటి రెండు చొక్కాలకు కత్తెర తగిలింది కూడా. వాటిని చెల్లెలికి పట్టుకెళ్ళింది. కొత్త కోతవి. గుండీలు హాయిగా పట్టాయి. ఆ సాయంత్రం ఇద్దరూ తిన్నారు.

అద్దం గదిలోకి మీడియంగా ఇంకొకామెను తెచ్చారు. ఇద్దరు పిల్లల తల్లి, నెమ్మదైన మనిషి. ఒక మధ్యాహ్నం పోగులు తీసిన చొక్కాలు ఇవ్వడానికి తను వెళ్ళేసరికి కొత్తామె బల్ల మీద చేతులు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. మాస్టారు టేపు కోసం పక్క గదికి వెళ్ళాడు. కొత్తామె ముఖం కిటికీ వెలుతురులో పాలిపోయినట్టు కనిపించింది.

"కాళ్ళు లాగుతున్నాయా?"

"అబ్బే, బానే ఉన్నానండీ."

ఆ మాట తను ఎన్నిసార్లు అన్నదో ఆమెకు తెలుసు. చొక్కాల కట్ట కింద పెట్టి దగ్గరికి వెళ్ళింది.

"దిగి కాసేపు కూర్చో. నువ్వు బాగున్నావో లేదో గుడ్డ చెప్పదు, ఆయన వేళ్ళూ చెప్పవు. నువ్వే చెప్పుకోవాలి."

కొత్తామె తలుపు వైపు చూసింది, ఆమె వైపు చూసింది. పిన్నులు గుచ్చుకోకుండా చొక్కా అంచు ఎత్తిపట్టుకుని, బల్ల మీద నుంచి జాగ్రత్తగా దిగింది.