కుమారి కోసం ఎండబెట్టిన వావిలాకు

పెద్ద గిన్నెలో వావిలాకు మరుగుతోంది. మరదలు బాలింత, తనకి ఇవాళ నేనే నీళ్లు పోయాలి. ఆ ఘాటు ముక్కుకి తగిలిందంటే నాకు పైడమ్మ పిన్నే గుర్తొస్తుంది. తెలుగులో హిందీ కలిసిపోయే మా దీవిలో, ప్రోతరాపూర్‌లో మా పక్కింటావిడ. శ్రీకాకుళం నుంచి ఓడలో వస్తూ తడిగోనెలో చుట్టి ఒక వావిలి కొమ్మ తెచ్చుకుందట. పల్లపు పెరట్లో అదే పెద్ద కంచె అయింది. ఒళ్లునొప్పులకి కాపడం, జలుబుకి ఆవిరి, బియ్యంలో పురుగు పట్టకుండా నాలుగు రెబ్బలు, అన్నిటికీ అదే. బాలింతలకైతే ఆవిడ చెయ్యి పడాల్సిందే. ఆఖరి చెంబు పోసి "లే తల్లీ" అనేదాకా పీట మీంచి లేవకూడదు. లేచామా, తిట్లే! అబద్ధమెందుకు, ఆవిడంటే నాకు భయమే.

ఆ డిసెంబరులో ఆవిడ కూతురు కుమారికి నెలలు నిండాయి. అల్లుడి ఉద్యోగం కార్ నికోబార్‌లో. పురుడు పోయడానికి వెళ్లాలని పిన్ని సంచెడు ఆకు నీడన ఎండబెట్టి, ఓడ టికెట్టు కోసం చూస్తోంది. ఈలోగా సునామీ వచ్చింది. కుమారీ దొరకలేదు, అల్లుడూ దొరకలేదు. పెరట్లోకి ఎక్కిన ఉప్పునీళ్లకి వావిలి కంచె కూడా మాడిపోయింది.

మార్చిలో నాకు పాప పుట్టింది. మా అమ్మ ఏ ధ్యాసలో ఉందో, గోడ మీంచి "పైడమ్మ దీదీ, నాలుగు వావిలి రెబ్బలు..." అనేసి నాలిక కరుచుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. పిన్ని లోపలికెళ్లి ఆ సంచితో వచ్చింది. మూతికి కట్టిన తాడు అలాగే ఉంది.

"వద్దు పిన్నీ, అది కుమారిది."

"ఏటే వద్దు? నువ్వు నడుం పట్టుకుని మూలుగుతుంటే నాను సంచి దాసుకుని కూకోవాలేటి? సల్, జల్దీ రా. పానీ ఠండా అయిపోద్ది."

ఎప్పటిలాగే చర్మం ఊడేలా రుద్దింది. ఆఖరి చెంబు పోసి "లే తల్లీ" అంది. లేచాను. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే, మిగిలిన నీళ్లు ఖాళీ పీట మీద పోస్తోంది, మెల్లగా, చెంబు తర్వాత చెంబు. గిన్నె ఖాళీ అయ్యాక ఆ పీటతోనే "లే తల్లీ" అంది. నేను తలుపు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పిన్ని పోయి చాలా ఏళ్లయింది. ఇవాళ మరదలికి స్నానం అయ్యాక గిన్నెలో ఒక్క చెంబు మిగిల్చాను.

"అదెవరికి వదినా?" అంది.

"కుమారికి," అన్నాను, పీట మీద పోస్తూ.