ఇసక ముంత

నా చిన్నప్పుడు నేను చేసిన ఒక పని వల్ల మా గుడిలో ఈనాటికీ ప్రతి ఆదివారం కానుక బియ్యాన్ని జల్లెడ పట్టి తీసుకుంటారు. ఎందుకని అడిగితే ఇప్పటి పిల్లలు చెప్పలేరు. మొదటి నుంచీ అలవాటు అంటారు. మొదటి నుంచీ కాదు, నాకు పదేళ్ళు వచ్చినప్పటి నుంచి. ఆ సంగతి తెలిసి కూడా ముప్పై ఏళ్ళకు పైగా నోరు మెదపకుండా ఉన్నాను. మా తాతయ్యకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, పెళ్ళయ్యాక మా ఆవిడకూ చెప్పలేదు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. మా ఇల్లు అనకాపల్లిలో బెల్లం బజారు వెనక సందులో ఉండేది. నాన్న ఒక షావుకారు దగ్గర గుమస్తా. బియ్యం దొరకని ఆ ఏళ్ళలో కూడా మా ఇంట్లో తెల్లన్నానికి లోటు రాలేదు. సందు మొత్తానికి గోడ గడియారం ఉన్న ఇల్లు మాదొక్కటే. టైమెంతయిందో అడగడానికి ఇరుగుపొరుగు మా గుమ్మం దగ్గరకు వచ్చేవారు. అడిగిన ప్రతివాళ్ళకీ నేనే పరుగెత్తి చెప్పేవాణ్ణి. ఆ గడియారాన్ని నేనే నడుపుతున్నట్టు ఉండేది నాకు.

మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. వంటకు బియ్యం కడగబోయే ముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వేస్తుంది. అది దేవుడి ముంత. ఎంత అవసరం వచ్చినా దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి, అంటే చర్చికి, తీసుకువెళ్తారు. అక్కడ అందరివీ కలిపి, దిక్కులేని ముసలివాళ్ళకు పంచుతారు.

మా తాతయ్య సంఘానికి పెద్ద. ప్రార్థన అయ్యాక బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి ఆయనే బియ్యం అందుకునేవాడు. ఎవరు ఏ గిన్నె తెచ్చినా రెండు చేతులా పుచ్చుకుని, బియ్యంలో ఒకసారి చెయ్యి పెట్టి, “మంచిదమ్మా” అనేవాడు. అందరికీ అదే మాట. ఒక్క ముంతకు మాత్రం ఆ మాట కాదు. దాన్ని కళ్ళకద్దుకుని, “నిండు” అనేవాడు.

ఆ ముంత మా పక్కింటి అప్పది. మా వైపు అక్కను అప్ప అంటాం. పెనిమిటి రంగం వెళ్ళాడు, అంటే రంగూను. యుద్ధం మొదలయ్యాక అతని దగ్గర నుంచి ఉత్తరం లేదు, మనిషీ రాలేదు. అప్ప మండీలో బెల్లం దిమ్మలు మోసి బతికేది. పెనిమిటి పంపిన రెండు బంగారు గాజులూ కరువులో అమ్ముకుంది. టేకు పెట్టె కూడా పోయింది. ఇంట్లో మిగిలింది ఒక చాప, రెండు గిన్నెలు, బియ్యం డబ్బా, అంచు విరిగిన ఆ మట్టి ముంత. అందులో ఉండేది ఎర్రటి ముతక దంపుడు బియ్యం, అదీ సగానికి మించి ఎప్పుడూ ఉండేది కాదు. సగం ముంతను పట్టుకుని తాతయ్య నిండు అంటుంటే నాకు ఒళ్ళు మండేది.

మా ఇంటి బియ్యం నేనే మోసుకు వెళ్ళేవాణ్ణి. పెద్ద ఇత్తడి గిన్నె, చింతపండుతో తోమితే మెరిసేది. మల్లెమొగ్గల్లాంటి బియ్యం అంచుదాకా ఉండేవి. ఒక వారం అమ్మకు తెలియకుండా మరో రెండు సోలలు పోసి, పైన గోపురంలా నిలబెట్టి, ఒక్క గింజ రాలకుండా ఊపిరి బిగబట్టి తీసుకువెళ్ళాను. తాతయ్య చెయ్యి పెట్టాడు. గోపురం కూలింది. “మంచిది బాబూ” అని పక్కన పెట్టాడు. వెనకే అప్ప ముంత వచ్చింది. “నిండు.”

ఆ ఒక్క మాట కోసం నేను ఎంత కుళ్ళిపోయానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అప్ప పాడుకుంటూ వాకిలి ఊడుస్తుంటే ఆ పాట మీద కోపం. అమ్మ ఆమెకు మజ్జిగ పోస్తే ఆ మజ్జిగ మీద కోపం. గాజుల్లేని చేతులతో ఆమె అంత నిబ్బరంగా ఎలా తిరుగుతుందని కోపం. ఏమీ లేని మనిషికి నాకు లేనిదేదో ఉంది. అది ఏమిటో తెలియదు కాబట్టి, ఆమె దగ్గర అది లేకుండా చేస్తే చాలనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్న అప్ప నీళ్ళకు వెళ్ళింది. ఆమె తలుపుకు తాళం ఉండేది కాదు, దాచుకోవడానికి ఏమీ లేదు కనుక. నేను లోపలికి వెళ్ళి ముంతలోంచి చేరెడు బియ్యం తీసి చొక్కా మడతలో పోసుకున్నాను. గిన్నెలు తోముకోవడానికి ఏటి నుంచి తెచ్చిన సన్నరాళ్ళు కలిసిన ఇసక గుమ్మం పక్కనే పోసి ఉంది. పొడిగా ఉన్న చోటు చూసి తీసి, ముంతలో పోసి, వేలితో కలిపి, పైన బియ్యం సర్దాను. ఆమె బియ్యాన్ని మా ఇత్తడి గిన్నెలో పోసి కలిపేశాను. పారబోయవచ్చు కదా అంటే, పారబోయలేదు. ఆ బియ్యంలో ఏదో ఉందని, అది మా గిన్నెలోకి వస్తే తాతయ్య మాకూ ఆ మాట అంటాడని అనుకున్నాను. పదేళ్ళ బుర్రకు తోచిన లెక్క అది.

గుడిలో తాతయ్య అప్ప ముంత పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాడు. చెయ్యి లోపలికి పెట్టి ఆగిపోయాడు. చెయ్యి తీసి చూసుకుంటే వేళ్ళకు ఇసక అంటుకుని ఉంది.

ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ తొంగి చూసింది. “ఇసక. దేవుడికి ఇసకెట్టీసింది సూడండి” అంది. ఆమె పక్కన కూర్చున్న మనిషి, “గాజులైపోయేయి, పెట్టైపోయింది, ఇప్పుడు దేవుడి బియ్యం కూడా అమ్మీసుకుంటందేటో” అంది. ఎవరో నవ్వారు.

అప్ప ముంతలోకి చూసింది. తర్వాత పక్కనే నా చేతుల్లో ఉన్న మా గిన్నె వైపు చూసింది. మీద కప్పిన గుడ్డ జారి ఉంది. మల్లెమొగ్గల్లాంటి మా బియ్యంలో ఎర్రగింజలు, పైనే, ఎవరైనా తల తిప్పితే కనపడేటట్టు. ఆ తర్వాత నన్ను చూసింది.

ఆమె తాతయ్య చేతిలోంచి ముంత తీసుకుని, ఇసకతో సహా మా గిన్నెలో గుమ్మరించేసింది.

“నాను సూసుకోలేదు తాతా. తప్పయిపోయింది” అంది.

“మంచి బియ్యం కూడా పాడు సేసీసేవు గదే. ఇప్పుడు దీన్నెవలు ఏరతారు?” అని పెద్దావిడ లేచింది.

“నానే ఏరుతాను పెద్దమ్మా.”

ఆమె ఎందుకు గుమ్మరించిందో గుడిలో ఎవరికీ తెలియలేదు. నాకు అప్పుడే తెలిసింది. నా ఎర్రగింజలు ఎవరి కంటా పడకుండా, తన మీద పడ్డ నిందకు ఇంకొకటి కలుపుకుంది. తెలిసి కూడా నేను నోరు విప్పలేదు.

అందరూ వెళ్ళిపోయాక గుడి అరుగు మీద చేట పెట్టుకుని కూర్చుంది. “రారా తమ్ముడూ, నీ కళ్ళు సిన్నయి, బాగా ఆనతాయి” అని నన్ను పిలిచింది. ఎదురుగా కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. నన్ను ఏమైనా అంటుందని ఎదురు చూశాను. అనలేదు. అంతసేపూ నా మనసులో ఉన్నది పశ్చాత్తాపమని రాస్తే అబద్ధం. అప్పుడు కూడా ఆ మాటే తొలుస్తోంది.

“అప్పా, తాతయ్య నీ ముంతకే నిండని ఎందుకంటాడు?” అని అడిగేశాను.

ఆమె నవ్వింది. “మీ తాతే గదా, ఆయన్నే అడక్కపోయేవా.” కాసేపు రాళ్ళు ఏరి, మళ్ళీ తనే చెప్పింది. “పొద్దున్న డబ్బాలో సెయ్యెడితే అడుగు తగుల్తాది. ఈయాల్టికి సాలవేమోనని బయమేత్తాది. ఆ బయంలోనే ఓ పిడికిడు తీసి ముంతలో ఏసీతాను. ఏసీసేక మరి బయముండదు. నన్ను పుట్టించినోడికి నా డబ్బా సంగతి తెల్దేటి అనిపిత్తాది. ఆ మాట నమ్మీసేక నాకింక తక్కువేటుంది?”

“రేపటికి లేకపోతే?”

“లేకపోతే అంబలి. అదీ లేకపోతే మంచినీళ్ళు. ఆయనెక్కడికి పోతాడు, ఈ సందులోనే ఉంటాడు గదా.”

మా ఇంట్లో బియ్యం బస్తాలు ఉండేవి. అయినా ధర పెరిగిందని నాన్న, పురుగు పడుతుందని అమ్మ రోజూ దిగులు పడేవారు. గడియారం ఉన్న ఇంట్లో లేనిదేదో చాప ఉన్న ఇంట్లో ఉందని ఆ చేట ముందు కూర్చున్నప్పుడు నాకు మొదటిసారి లీలగా తెలిసింది. తెలిసినా అసూయ తగ్గలేదు, ఇంకా పెరిగింది. ముంతలోంచి బియ్యం తీసుకురాగలిగాను కాని, ఇది ఎలా తీసుకురావాలి?

ఇంతలో తాతయ్య వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఆయన కూడా ఏరసాగాడు. గిన్నెలో బియ్యం సగానికి దిగాక, అడుగు నుంచి కొన్ని గింజలు తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“ఈ ఎర్రయి పైనుంచి పోసినయి గదా. అడుక్కెలా ఎళ్ళేయి?” అన్నాడు, ఎవరినీ అడగనట్టు.

అప్ప తల ఎత్తలేదు. తాతయ్య నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. నేను ఒక రాయి తీశాను. ఇంకొక రాయి తీశాను. ఆయన ఆ గింజల్ని మెల్లగా చేటలో వదిలి లేచి వెళ్ళిపోయాడు. నేనే చెప్పాలని ఎదురు చూశాడని ఇప్పుడు అనుకుంటాను.

తర్వాతి ఆదివారం పెద్దావిడ ఇంటి నుంచి జల్లెడ తెచ్చింది. అప్ప బియ్యం జల్లెడ పట్టాకే బల్ల మీదకు వెళ్ళాలంది. కొన్నాళ్ళకు అందరివీ పట్టడం మొదలైంది. తాతయ్య మరెప్పుడూ ఎవరికీ నిండు అనలేదు. అప్పకు కూడా అనలేదు, నేను నిజం చెప్పేదాకా ఆ మాట ఆపుకున్నాడేమో. నాకు దక్కని మాట ఆమెకూ దక్కకుండా చేశాను. నేను కోరుకున్నది అచ్చంగా అదే. దాంతో నాకు ఒక్కరోజు కూడా సంతోషం కలగలేదు. ఆమెకు మాత్రం ఇసకముంత అనే పేరు మిగిలింది. మరుసటి ఏడు తాతయ్య పోయాడు.

నేను చదువుకుని వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాను. ఇల్లు కట్టాను. నాన్న గడియారం కన్నా పెద్దది కొన్నాను. మా ఇంట్లోనూ పొయ్యి పక్కన ముంత ఉంది. కొన్ని రోజులు మా ఆవిడ బదులు నేనే పిడికెడు తీసి వేస్తాను. బియ్యంలో చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్ళకు ఇసక తగిలినట్టుంటుంది. ఆమె చెప్పిన ఆ భయం లేకపోవడం కోసం ఎదురు చూస్తాను. అది ఒక్కసారీ రాలేదు.

కిందటి నెల సెలవు మీద అనకాపల్లి వెళ్ళాను. ఆదివారం గుడిలో ఏడెనిమిదేళ్ళ పిల్ల జల్లెడ పట్టుకుని నిలబడి ఉంది. నడుం వంగిన ఒక ముసలామె ముంతతో వచ్చింది. “ఇసకముంత మామ్మా, ఇలాగొంచు” అంది ఆ పిల్ల ముద్దుగా. అది ఎగతాళి కాదు. ఆమె పేరే అది అనుకుంటోంది. అప్ప ముంత వంచింది.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళి, ఆ చాప మీదే కూర్చుని, జరిగిందంతా చెప్పాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి అంతా విన్నది.

“ఇదంతా నాకెందుకు సెప్తన్నావు నాయనా. నాకు తెలిసిందే గదా” అంది. “తెలీనోలకి సెప్పు.”

సెలవు ఇంకో వారం పెంచుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక బియ్యం తెచ్చేవాళ్ళు వరసలో నిలబడ్డారు. అప్ప వంతు వచ్చేసరికి నేను లేచి వెళ్ళి ఆ పిల్ల చేతిలోంచి జల్లెడ తీసుకుని పక్కన పెట్టాను. ముంతను రెండు చేతులా పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాను. అది సగం కూడా లేదు. తాతయ్య మాట నోటిదాకా వచ్చింది కాని, దాన్ని అనే అర్హత నాకు లేదు. అందరి వైపు తిరిగి, చెప్పవలసిన మాట చెప్పాను.

“ఈమె ఏనాడూ దేవుడికి ఇసక పెట్టలేదు. పెట్టింది నేను. కుళ్ళుతో ఈమె బియ్యం దొంగిలించి, ఆ చోట ఇసక పోశాను. అది తెలిసి ఈమె నన్ను కాపాడింది. ఇన్నేళ్ళు మీరంతా ఈమెను పిలిచిన పేరు నాది. అప్పా, నన్ను క్షమించు.”